కాగితంలో ఉన్న పని: గోదావరి జిల్లాల నుంచి గల్ఫ్‌కు

గోదావరి డెల్టా నుంచి పరదేశానికి పనికి వెళ్ళడం కొత్త సంగతి కాదు. తాతల కాలంలో అది రంగం, అంటే రంగూన్. ఇప్పుడు కువైట్, మస్కట్, దోహా, దుబాయ్. ఈ ప్రాంతపు వలసకు ఒక ప్రత్యేకత ఉంది. కరీంనగర్, నిజామాబాద్ వైపు నుంచి ఎక్కువగా మగవాళ్ళు నిర్మాణ పనులకు వెళితే, ఇటు రాజోలు, మలికిపురం, పి.గన్నవరం, ముమ్మిడివరం, ఆచంట, పాలకొల్లు, నరసాపురం వైపు నుంచి పెద్ద సంఖ్యలో ఆడవాళ్ళు ఇళ్ళలో పనికి వెళతారు. కడప జిల్లా నుంచీ అలాగే వెళతారు. అందువల్ల ఈ అధ్యాయంలో ఇంటిపని మీదే ఎక్కువ దృష్టి ఉంటుంది. డ్రైవర్లకు, వంటవాళ్ళకు, నర్సులకు, వెల్డర్లకు కూడా ఇందులోని చాలా సంగతులు వర్తిస్తాయి.

పని దొరకడం ఇందులో కష్టమైన భాగం కాదు. వీసా ఉందంటూ ఇంటికి వచ్చే మనిషి ఏ ఊళ్ళోనైనా ఉంటాడు. ఆ పని ఎవరి పేరు మీద నమోదైంది, ప్రయాణానికి ఎవరి డబ్బు పెట్టారు అన్నవే అసలు ప్రశ్నలు. అక్కడికి వెళ్ళాక జీతం అడగగలగడం, ఇల్లు మారగలగడం, జబ్బు చేస్తే తిరిగి రాగలగడం అన్నీ ఈ రెండు జవాబుల మీదే ఆధారపడి ఉంటాయి.

రంగం వలస ఈ సంగతిని ఒకసారి చూపించింది. కాకినాడ, కోరంగి రేవుల నుంచి ఓడలెక్కిన తెలుగువాళ్ళు రంగూన్ రేవులో, బియ్యం మిల్లుల్లో కూలి చేశారు. కోరంగి పేరు మీదే బర్మాలో తెలుగువాళ్ళకు కోరంగీలన్న పేరు స్థిరపడింది. వాళ్ళను తీసుకువెళ్ళింది మేస్త్రీలు. మేస్త్రీ ఇంటి దగ్గర కొంత ముందు డబ్బిచ్చి, ఓడ చార్జీ పెట్టుకుని, అక్కడికి చేరాక ఆ బాకీని కూలిలో పట్టుకునేవాడు. కంపెనీ కూలి ఇచ్చేది మేస్త్రీకి. మనిషికి ఎంత ముట్టిందో మేస్త్రీ లెక్కకే తెలుసు. 1930 మే నెలలో తెలుగు రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టినప్పుడు వాళ్ళ స్థానంలో బర్మా కూలీలను పెట్టుకున్నారు. సమ్మె తీరి పాతవాళ్ళు తిరిగి పనిలోకి రావడంతో రెండు వర్గాల మధ్య ఘర్షణ రేగింది. రంగూన్ వీధుల్లో తెలుగువాళ్ళు పెద్ద సంఖ్యలో ప్రాణాలు పోగొట్టుకున్నారు. 1942లో జపాన్ దాడితో అస్సాం, మణిపూర్ అడవుల గుండా నడిచి వచ్చినవాళ్ళతో ఆ వలసే ముగిసిపోయింది. మేస్త్రీ పద్ధతి మాత్రం రూపం మార్చుకుని బతికే ఉంది. ఇవాళ ఊరి ఏజెంటు కొన్నిసార్లు పనికి వెళ్ళే ఆడమనిషి దగ్గర రూపాయి తీసుకోడు. పైగా ఎదురు యాభై వేలు ఇంట్లో పెట్టి, పిల్లల ఫీజు కట్టుకోమంటాడు. ఆ ఉదారత వెనక ఒక లెక్క ఉంది. కువైట్‌లో మనుషులను కుదిర్చే మక్తబ్‌కు ఇంటి యజమాని అప్పటికే పెద్ద మొత్తం కట్టి ఉంటాడు. ఊళ్ళో ఇచ్చిన యాభై వేలు అందులోంచి వచ్చినవే. ఇంతా కట్టాను కాబట్టి రెండేళ్ళు ఈమె కదలకూడదని ఆ యజమాని అనుకుంటాడు. ఇల్లు కుదరక వచ్చేస్తానని ఆమె ఫోన్ చేస్తే, తీసుకున్నది కట్టి రమ్మని ఏజెంటు అంటాడు. ఎదురు డబ్బు ఇచ్చే వీసాను ముందే వదులుకోవడం మంచిది.

పాస్‌పోర్టు నుంచి మొదలుపెట్టాలి. పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు ఈసీఆర్ తరగతిలోకి వస్తుంది. అంటే గల్ఫ్ దేశాలు, మలేషియా, జోర్డాన్, లెబనాన్ సహా 18 దేశాలకు పనికి వెళ్ళాలంటే ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి అనుమతి కావాలి. 1983 ఎమిగ్రేషన్ చట్టం పెట్టిన ఏర్పాటు ఇది. చాలామంది దీన్ని అడ్డంకిగానే చూస్తారు. నిజానికి విదేశంలో ఎవరు పని ఇస్తున్నారో, జీతమెంతో, ఒప్పందంలో ఏముందో మన ప్రభుత్వ రికార్డుల్లోకి ఎక్కే ఒకే ఒక్క చోటు అది. ఆ రికార్డు లేని మనిషి కువైట్‌లో ఏ ఇంట్లో ఉందో ఎంబసీకి తెలియాలంటే ఆమే ఫోన్ చేయాలి, ఆ ఫోనేమో యజమాని చేతిలో ఉంటుంది.

ఈసీఆర్ పాస్‌పోర్టున్న ఆడవాళ్ళకు ఇంకో రెండు షరతులున్నాయి. వయసు 30 నిండాలి. 2016 ఆగస్టు నుంచి ప్రైవేటు ఏజెంట్ల ద్వారా కాకుండా ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్ళాలి. ఆంధ్రప్రదేశ్‌కు అలాంటి సంస్థ ఓమ్‌క్యాప్, తెలంగాణకు టామ్‌కామ్. ఈ రెండు షరతులూ తెలియక, లేదా తెలిసే, పాతికేళ్ళ అమ్మాయికి ముప్ఫై ఒకటని ఆధార్‌లో మార్పించి పాస్‌పోర్టు తీయించే వాళ్ళున్నారు. ఇది చిన్న అబద్ధంలా కనిపిస్తుంది. తర్వాత బీమా అడిగినా, కేసు పెట్టినా, బడి సర్టిఫికెట్‌లో ఒక పుట్టిన తేదీ, పాస్‌పోర్టులో మరో తేదీ బయటపడి మొత్తం వ్యవహారం ఆమె మీదకే తిరుగుతుంది.

చదువు ఆగిపోయిన వాళ్ళకు సార్వత్రిక విద్యాపీఠం ద్వారా పదో తరగతి రాసే దారి ఉంది. అది పాసైతే ఈసీఆర్ ముద్ర పోతుంది. అక్కడ డ్రైవింగు, దుకాణం, ఆసుపత్రి పనుల్లాంటివి వెతుక్కునేందుకూ ఆ సర్టిఫికెట్ అక్కరకొస్తుంది. ఒక ఏడాది ఆలస్యమైనా, ఈ ఖర్చు అప్పు తెచ్చి వీసా కొనడం కన్నా చాలా తక్కువ. అయితే ముద్ర లేని పాస్‌పోర్టుకు అనుమతి అక్కర్లేదు కాబట్టి ఎవరూ తనిఖీ చేయరన్నది గుర్తుంచుకోవాలి. అలాంటి వాళ్ళు కేంద్ర ప్రభుత్వపు ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో స్వచ్ఛందంగా తమ వివరాలు నమోదు చేసుకోవచ్చు. పైసా ఖర్చు లేదు.

ఇక ఏజెంటు. 1983 చట్టం 10వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ లేకుండా విదేశీ ఉద్యోగాలకు మనుషులను కుదర్చడం నేరం. 24వ సెక్షన్ కింద రెండేళ్ళ దాకా జైలు పడవచ్చు. సర్టిఫికెట్ ఉన్న ఏజెంటు లక్షల్లో బ్యాంకు గ్యారంటీ కట్టి ఉంటాడు. మోసం జరిగితే పట్టుకోవడానికి ప్రభుత్వానికి దొరికే పట్టు అది. సబ్ ఏజెంటు అనే మనిషిని మాత్రం ఈ చట్టం గుర్తించదు. రాజోలు సెంటర్లో టీ కొట్టు దగ్గర కూర్చునే అతను ముంబయిలో ఫలానా సారు మనిషినని చెప్పుకుంటే, ఆ సారుకు లైసెన్సు ఉన్నా ఇతనికి ఇచ్చిన డబ్బుకు లెక్క ఉండదు.

లైసెన్సు సంగతి తేల్చుకోవడం పది నిమిషాల పని. ఈ-మైగ్రేట్‌లో ఏజెంట్ల జాబితా ఉంటుంది. పేరు కొడితే చిరునామా, లైసెన్సు అమల్లో ఉందా, సస్పెండైందా అన్నవి కనిపిస్తాయి. కార్డు మీద అచ్చేసిన నంబరు చూసి నమ్మకుండా ఆ నంబరును అక్కడ సరిపోల్చాలి. కార్డులో హైదరాబాద్ అనీ, జాబితాలో వేరే రాష్ట్రమనీ ఉంటే అక్కడితో ఆపేయాలి. లైసెన్సున్న ఏజెంటు తీసుకోగల సర్వీసు చార్జీ గరిష్ఠంగా 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. దానికి రసీదు ఇవ్వాలి. ఫోన్‌పే చేసినా సరే, ఎవరి పేరుకు వెళ్ళిందో చూసుకోవాలి. ఏజెన్సీ పేరుకు కాకుండా ఇంకెవరి సొంత ఖాతాకో వెళ్ళిన డబ్బు ఆ చార్జీలోకి లెక్క రాదు.

వీసా కాగితం వాట్సాప్‌కు వచ్చేస్తుంది. చాలామంది దాన్ని ఇంగ్లీషు, అరబ్బీ అని తెరవకుండానే ఏజెంటు మాట మీద నమ్ముతారు. ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే ఆ కాగితంలో నాలుగు చోట్లు చూపించమనాలి. వీసా రకం, వృత్తి, యజమాని పేరు, చెల్లే గడువు. విజిట్ అనో టూరిస్ట్ అనో ఉంటే ఆ కాగితంతో పని చేయడం నేరం, ఏజెంటు అక్కడికి వెళ్ళాక మార్పిస్తానన్నా సరే. వృత్తి దగ్గర ఇంటి పనిమనిషి అని ఉంటే ఆసుపత్రిలో ఆయాగా పెడతామన్న మాటకు విలువ లేదు. యజమాని పేరు దగ్గర ఎవరి పేరుందో ఆ మనిషే కఫీల్. అక్కడ ఆమె నివాసానికి పూచీ ఆయనదే.

డెల్టా ఆడవాళ్ళు ఎక్కువగా దెబ్బ తినేది విజిట్ వీసా దగ్గరే. పద్ధతి ఒకేలా ఉంటుంది. ప్రైవేటు ఏజెంటు ద్వారా పనిమనిషి వీసా మీద ఈసీఆర్ పాస్‌పోర్టుకు అనుమతి రాదు కాబట్టి, ముందు దుబాయ్‌కి విజిట్ వీసా తీస్తారు. గన్నవరం, శంషాబాద్ విమానాశ్రయాల నుంచి కాకుండా చెన్నై, కొచ్చి, ముంబయి దాకా రైల్లో తీసుకెళతారు. చేతికి తిరుగు టికెట్ ప్రింటు, హోటల్ బుకింగ్ కాగితం ఇచ్చి, ఎవరు అడిగినా అక్క దగ్గరికి వెళుతున్నానని చెప్పమంటారు. ఇమిగ్రేషన్ దగ్గర మనిషిని అవతలికి పంపించేసే ఈ పనికి ఆ వ్యాపారంలో పుషింగ్ అని పేరు. దుబాయ్‌లో దిగాక పాస్‌పోర్టు తీసుకుని, అక్కడి నుంచి మస్కట్‌కో కువైట్‌కో ఇంకెక్కడికో పంపుతారు. ఏ దేశంలో ఉన్నదీ ఆమెకే రెండు మూడు రోజుల దాకా తెలియదు. మన దేశం రికార్డులో ఆమె విహారయాత్రకు వెళ్ళిన మనిషి. జీతం రాకపోతే చూపించడానికి ఒప్పందం లేదు, అనుమతి లేదు, బీమా లేదు. ఇలాంటి టికెట్ చేతికి వచ్చాక కూడా విమానం ఎక్కకుండా వెనక్కి రావచ్చు. ఏజెంటు కేసు పెడతానని బెదిరిస్తాడు, పెట్టడు. స్టేషనుకు వెళితే ముందు చిక్కుకునేది అతనే.

దీనికి తోబుట్టువు ఆజాద్ వీసా. కాగితంలో ఒక కఫీల్ ఉంటాడు, అతని దగ్గర పని ఉండదు. అతనికి ఏటా కొంత కట్టి, బయట ఎక్కడైనా పని చూసుకోమంటారు. స్వేచ్ఛ అనిపించే ఈ ఏర్పాటు గల్ఫ్ దేశాల చట్టాల్లో ఎక్కడా లేదు. కాగితంలో ఉన్న యజమాని దగ్గర కాకుండా మరొకరి దగ్గర పని చేస్తూ దొరికితే పట్టుకుని, జైలు నుంచి నేరుగా విమానం ఎక్కిస్తారు. మళ్ళీ ఆ దేశంలో అడుగు పెట్టనివ్వరు. కఫీల్ రెండో ఏడాది రేటు పెంచినా అడిగే దిక్కు ఉండదు.

కువైట్‌లో నివాస అనుమతికి అంకెలున్నాయి. ఇళ్ళలో పనికి 20, కంపెనీ పనికి 18. గల్ఫ్ వెళ్ళొచ్చిన వాళ్ళు ఖద్దామా వీసా, శూన్ వీసా అనేది వీటినే. 20 మీద వెళ్ళిన వాళ్ళు 18కి మారడం మామూలుగా కుదరదు. ప్రభుత్వం అప్పుడప్పుడు కొద్ది రోజులు తలుపు తెరుస్తుంది. 2024 జులై 14 నుంచి సెప్టెంబర్ 12 దాకా అలా తెరిచింది. అప్పటి షరతులు ఇవి: కఫీల్ ఒప్పుకోవాలి, అతని దగ్గర ఏడాది నిండి ఉండాలి, 50 దినార్లు కట్టాలి. కాగితాలు సరిగ్గా ఉన్న డ్రైవర్లకు, వంటవాళ్ళకు అది నిజంగా మంచి అవకాశం. పారిపోయి బయట పని చేసుకుంటున్న వాళ్ళకు మాత్రం అది దక్కలేదు.

ఒప్పందంలో ఏముండాలో కువైట్ చట్టమే చెబుతుంది. 2015లో వచ్చిన 68వ నంబరు గృహ కార్మికుల చట్టం రోజుకు 12 గంటలకు మించి పని చేయించకూడదని, మధ్యలో విశ్రాంతి ఇవ్వాలని, వారానికి ఒక రోజు సెలవు, ఏడాదికి 30 రోజుల జీతంతో సెలవు ఇవ్వాలని అంటుంది. మానేసి వచ్చేటప్పుడు పని చేసిన ప్రతి ఏడాదికి ఒక నెల జీతం అదనంగా ఇవ్వాలి. కనీస జీతం 60 దినార్లు. జీతం ఆపితే ఆలస్యమైన ప్రతి నెలకూ 10 దినార్లు కలిపి కట్టాలి. పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉంచుకోకూడదు. భారత్, కువైట్ 2021 జూన్‌లో గృహ కార్మికుల మీద ఒక అవగాహన ఒప్పందం కూడా చేసుకున్నాయి. ఖతార్‌లో 2017 నాటి 15వ నంబరు చట్టం ఉంది. అక్కడ 2021 మార్చి నుంచి కనీస జీతం 1,000 రియాళ్ళు ఇంటిపని వాళ్ళకూ వర్తిస్తుంది. ఎమిరేట్స్‌లో 2022లో కొత్త చట్టం వచ్చింది. ఇవన్నీ ఇళ్ళ తలుపుల వెనక ఎంతవరకు నడుస్తున్నాయన్నది వేరే మాట. చాలా ఇళ్ళలో వారపు సెలవు లేదు, పాస్‌పోర్టు బీరువాలోనే ఉంటుంది. అయినా హక్కు ఫలానా అని తెలిసి అడిగే మనిషికీ, దయ చూపమని అడిగే మనిషికీ మక్తబ్‌లో అందే జవాబు ఒకటి కాదు.

జీతం లెక్క అప్పుతో కలిపి వేసుకోవాలి. 2024లో దినారు దాదాపు 270 రూపాయలు పలికింది. నెలకు 100 దినార్లంటే 27,000. లక్ష రూపాయలు నూటికి మూడు రూపాయల వడ్డీకి తెస్తే నెలకు 3,000 వడ్డీకే పోతుంది. మొదటి రెండు మూడు నెలల జీతం చేతికి రావడం ఆలస్యమైతే ఆ వడ్డీ అసలులో కలుస్తుంది. పుస్తెలతాడు తాకట్టు పెట్టి వెళ్ళిన మనిషి మొదటి ఏడాది అంతా దాన్ని విడిపించడానికే పని చేస్తుంది. అప్పు ముందే ఉన్నవాళ్ళు దాన్ని తీర్చడానికని గల్ఫ్ వెళ్ళడం మామూలే. కానీ వెళ్ళడం కోసమే కొత్త అప్పు చేయాల్సి వస్తే, ఆ వీసా ధర న్యాయమైంది కాదని అర్థం. కువైట్ చట్టం ప్రకారం ఇంటిపని మనిషిని తెచ్చుకునే ఖర్చు యజమానిదే.

బయలుదేరే ముందు పనులు త్వరగానే అవుతాయి. గుర్తింపు పొందిన కేంద్రంలో వైద్య పరీక్ష. క్షయ, హెపటైటిస్, హెచ్ఐవి, గర్భం చూస్తారు. ఒక రోజు శిక్షణ తరగతి ఉంటుంది. దాన్ని వదలకూడదు. ఈసీఆర్ వాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన తప్పనిసరి. రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375, పన్ను అదనం. ప్రమాదంలో మరణించినా, శాశ్వతంగా వికలాంగులైనా పది లక్షలు వస్తాయి. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం తగలబడి చనిపోయిన వాళ్ళలో 40 మందికి పైగా భారతీయులు, అందులో ముగ్గురు ఆంధ్రప్రదేశ్ వాళ్ళు. సంపాదించే మనిషి ఒక్కసారిగా పోయిన ఇంటికి ఇలాంటి బీమా ఎంత అవసరమో వేరే చెప్పనక్కర్లేదు.

కాగితాలన్నీ రెండు సెట్లు తీయాలి. పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు, వీసా, ఒప్పందం, బీమా, ఏజెంటు రసీదు, కఫీల్ పేరు, ఫోను, ఇంటి చిరునామా. ఒక సెట్టు ఇంట్లో చదవగలిగిన మనిషి దగ్గర ఉండాలి. భర్త దగ్గరే ఉండనక్కర్లేదు. అమ్మో చెల్లెలో డ్వాక్రా గ్రూపు లీడరో అయినా సరే. ఫొటోలు తీసి రెండు ఫోన్లలో పెట్టుకోవాలి. ఆమె అక్కడ చిక్కుకున్నప్పుడు ఇక్కడ ఫిర్యాదు చేసే వాళ్ళను ముందుగా అడిగేది పాస్‌పోర్టు నంబరు, కఫీల్ పేరు. అవి లేక నెలలు గడిచిపోయిన కుటుంబాలు ఈ ప్రాంతంలో ఎన్నో ఉన్నాయి.

దిగాక మొదటి రెండు నెలల్లో నివాస అనుమతి రావాలి, సివిల్ ఐడీ చేతికి రావాలి. మనవాళ్ళు దాన్ని బతాకా అంటారు. అది రాకపోతే యజమానిని పదేపదే అడగాలి. గడువు దాటాక పడే జరిమానా, కేసు ఆమె పేరు మీదకే వస్తాయి. జీతం బ్యాంకులో వేయించుకోగలిగితే అంతకన్నా మంచి సాక్ష్యం లేదు. చేతికిస్తే, తీసుకున్న తేదీ, మొత్తం ఒక చిన్న పుస్తకంలో రాసుకోవాలి. ఇంటికి పంపిన ప్రతి ఎక్స్ఛేంజ్ రసీదు దాచుకోవాలి. ఆ డబ్బు ఇక్కడ ఎవరి ఖాతాలో పడుతోందన్నది ఆమె ముందే తేల్చుకోవాలి. తన పేరున ఊళ్ళో ఒక ఖాతా ఉంచి, అందులోంచి ఇంటి ఖర్చుకు కొంత పంపే ఆడవాళ్ళకు తిరిగి వచ్చేనాటికి ఏదో ఒకటి మిగులుతోంది.

ఇల్లు కుదరకపోతే దారి ఉంది. కువైట్‌లో మక్తబ్ యజమానికి ఆరు నెలల గ్యారంటీ ఇస్తుంది. ఆ గడువులో మనిషి నచ్చకపోతే యజమాని మక్తబ్‌కు తిప్పి పంపవచ్చు, మక్తబ్ ఇంకో ఇంట్లో పెట్టవచ్చు. కాబట్టి కష్టం ఉంటే ఆరు నెలలు నిండేలోపే గట్టిగా చెప్పాలి. రెండేళ్ళు భరించి అప్పుడు చెబుదామనుకుంటే ఆ తలుపు మూసుకుపోతుంది. కొట్టినా, అన్నం పెట్టకపోయినా, ఒంటి మీద చెయ్యి వేసినా గడువులు చూసుకోనక్కర్లేదు. నేరుగా భారత ఎంబసీకి వెళ్ళాలి. అక్కడ ఇంటిపని ఆడవాళ్ళు తలదాచుకునే వసతి ఉంది, కేసు నడిపించే ఏర్పాటుంది, తిరుగు టికెట్‌కు ప్రవాస సంక్షేమ నిధి ఉంది. తెలిసిన తెలుగువాళ్ళ గదికి వెళ్ళిపోయి బయట పని చూసుకోవడం సులువుగా కనిపిస్తుంది. కఫీల్ పారిపోయిందని కేసు పెట్టిన క్షణం నుంచి ఆమె కల్లివెల్లి, అంటే చెల్లే కాగితాల్లేని మనిషి. జబ్బు చేసినా ఆసుపత్రికి వెళ్ళడానికి భయం, ఇంటికి రావడానికి ఔట్ పాస్ అనే ప్రయాణ పత్రం కోసం క్షమాభిక్ష ఎప్పుడు ప్రకటిస్తారా అని ఎదురుచూపు. కువైట్ 2018లో, 2020లో, 2024లో అలా ప్రకటించింది.

ఇక్కడి కుటుంబం చేయగలిగిన పనులూ ఉన్నాయి. ఢిల్లీలోని ప్రవాసీ భారతీయ సహాయ కేంద్రం టోల్ ఫ్రీ నంబరు 1800 11 3090. విదేశాంగ శాఖ మదద్ వెబ్‌సైట్‌లో ఫిర్యాదు పెడితే నంబరు వస్తుంది, ఎంబసీ ఏం చేసిందో అందులోనే కనిపిస్తుంది. రాష్ట్రంలో ప్రవాసుల కోసం ఏపీఎన్ఆర్‌టీ సొసైటీ ఉంది. అమలాపురం, భీమవరం, రాజమహేంద్రవరం, కాకినాడ కలెక్టరేట్లలో సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. ఏజెంటు మోసం చేస్తే స్టేషన్‌లో ఎమిగ్రేషన్ చట్టంతో పాటు భారతీయ న్యాయ సంహిత 318 సెక్షన్ కింద, మనిషిని అమ్మేసినట్టుగా వ్యవహరిస్తే 143 కింద కేసు కట్టమని అడగాలి. ఏజెంటు మధ్యవర్తులను పెట్టి రాజీకి వస్తే, మనిషి ఇంటికి చేరేదాకా సంతకం పెట్టకూడదు.

చేతిలో పనితనం ఉన్నవాళ్ళ దారి కొంత సులువు. నర్సులను ఈసీఆర్ దేశాలకు తీసుకునేందుకు 2015 నుంచి ప్రభుత్వ సంస్థలకే ప్రాధాన్యం. నర్సులు సర్టిఫికెట్లు తనిఖీ చేయించుకుని, ఆ దేశపు అర్హత పరీక్ష రాయాలి. డిగ్రీలకు విదేశాంగ శాఖ ధ్రువీకరణ, కువైట్‌కైతే వాళ్ళ ఎంబసీ ముద్ర కూడా కావాలి. డ్రైవర్లు ఇక్కడి లైసెన్సు మీద నమ్మకం పెట్టుకోకుండా అక్కడ మళ్ళీ పరీక్ష ఇవ్వాల్సి ఉంటుందని తెలుసుకుని, ఆ ఖర్చు ఎవరిదో ఒప్పందంలోనే రాయించుకోవాలి.

తిరిగి వచ్చేటప్పుడు సెలవా, పూర్తిగా మానేయడమా అన్నది కాగితంలో స్పష్టంగా ఉండాలి. పూర్తిగా వస్తుంటే వీసా రద్దు చేయించుకుని, మిగిలిన జీతం, సెలవు డబ్బు, ఏడాదికి నెల చొప్పున రావాల్సింది తీసుకున్నాకే సంతకం పెట్టాలి. అరబ్బీలో రాసిన కాగితం మీద పూర్తిగా ముట్టింది అని ఉంటే, విమానం ఎక్కాక ఇక అడగడానికి ఏమీ ఉండదు. సెలవు మీద వస్తుంటే, ఎన్ని నెలల్లోపు వెనక్కి వెళ్ళకపోతే నివాసం రద్దవుతుందో ముందే తెలుసుకుని తిరుగు టికెట్ తేదీ అందులోపే పడేలా చూసుకోవాలి.